ప్లాటినం పెళ్లికొడుకు

“భువన్ సారేనా? మీకు ప్లాటినం కార్డు వచ్చుండాది సార్!”

గుడియాత్తం బస్సులో కిటికీ పక్కన కూర్చున్న భువన్ సీట్లోంచి ఎగిరి గంతేసినంత పని చేశాడు. కార్డు కోసం కాదు, తెలుగు కోసం! వేలూరులో పుట్టి పెరిగిన ఇన్నాళ్లలో బ్యాంకుల వాళ్లు అతన్ని తమిళంలో విసిగించారు, ఇంగ్లీషులో విసిగించారు, ఒక్క ముక్క అర్థంకాని హిందీలోనూ విసిగించారు. ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో విసిగించడం మాత్రం ఇదే మొదటిసారి. కట్ చేయబోయిన ఫోనును చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు.

“మీది యా ఊరమ్మా?”

“ఈ పక్కే సార్. తెలుగోళ్లకని నన్ను పెట్టినారు.”

గొంతు బాగా బొంగురుపోయి ఉంది. వెనక టక్ టక్‌మని చప్పుడు. పాపం, టైపు కొట్టుకుంటూనే మాట్లాడుతోంది కాబోలు అనుకున్నాడు.

“జలుబు చేసిందా అమ్మా?”

“అవును సార్. ఏసీ పడదు నాకు.”

అసలు ఆ పొద్దు భువన్ కాళ్లు నేల మీద లేవు. కావేరిపాక్కంలో చుట్టాల పెళ్లి భోజనాల దగ్గర నందిత వడ్డిస్తుంటే, అక్కర్లేకపోయినా మళ్లీ మళ్లీ రసం పోయించుకుని, ఆకు పొంగి లుంగీ తడిసినా లెక్కచేయని ఘనుడతను. ఇప్పుడు ఆ నందిత ఇంటికే పెళ్లిచూపులకు పోతున్నాడు. ఆనందం పట్టలేక పొద్దుటి ఇడ్లీ కూడా సరిగ్గా తినలేదు. ఉన్నదల్లా ఒక్కటే భయం. ఆ ఇంట్లో చెల్లేది నందిత అవ్వ కుప్పమ్మ మాట. ఆమె ఇంతకుముందు వచ్చిన ఇద్దరు పెళ్లికొడుకుల్ని ఒక్క ప్రశ్న కూడా అడక్కుండానే వెనక్కి పంపించిందట. ఎందుకు పంపిందో ఇంట్లోవాళ్లకే తెలియదు. అడగని ప్రశ్నకు జవాబు ఎలా చెప్పాలిరా దేవుడా అని భువన్‌కు ఒకటే దడ.

“లిమిట్టు మూడు లచ్చలు సార్. ఇయ్యాల్నే మంచి ఉంగరం కొనుక్కోండి, మెల్లగా కట్టుకోండి.”

“వద్దమ్మా. నాకొక కార్డుండాది, అదే చాలు.”

“ఒకటి యా మూలకి సార్? మా కార్డయితే నెలనెలా కొంచెం కడితే చాలు. మినిమమ్!”

ఆ మాటతో భువన్‌కు తేలు కుట్టినట్టయింది.

“మినిమమ్ మాట నా కాడ ఎత్తొద్దు తల్లీ! దాంతోనే నేను మునిగిపోయినా!”

టక్ టక్ ఆగింది. “అదెట్ల సార్?”

తెలుగు చేసిన మాయో, నందిత చేసిన మాయో, భువన్ నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. అప్పట్లో కొత్త ఫోను, బూట్లు, ఆదివారమైతే స్నేహితులందరికీ ఆంబూరు బిర్యానీ, అన్నీ కార్డు మీదే గీకాడు. మినిమమ్ కడుతూ మహారాజులా తిరిగాడు. బిర్యానీ ఎప్పుడో అరిగిపోయింది గానీ అప్పు అరగలేదు. వడ్డీ మీద వడ్డీ పెరిగి కొండంతయి కూర్చుంది.

“మరి యెట్ల తీర్చినారు సార్?”

“బండి అమ్మేసినా. బాగాయంలో మా ఇంటి నించి పాత్రల అంగడికి సైకిల్లో తొక్కినా. ఇప్పుడు బ్యాంకులో దుడ్డుంటేనే కార్డు బయటికి తీసేది. బిల్లు వస్తానే మొత్తం కట్టేస్తా. కార్డు పెట్టి క్యాష్ ఎత్తితే ఆ పొద్దే వడ్డీ మొదలు, దాని జోలికి పోనే పోను. నువ్వు కూడా పోవద్దమ్మా!”

“సరి సార్, పోను. హారను ఇనిపిస్తా ఉండాది, బస్సులోనా? కారు లోను కూడా ఇస్తాము!”

“అమ్మా తల్లీ, నన్ను ఇడిచిపెట్టు! బాడుగ కారెత్తుకుని పోదామని మాయమ్మ అడిగినా వద్దని బస్సెక్కినా. పెళ్లిచూపులకి పోతా ఉండా. ఈ అప్పు కత ఆ ఇంట్లో తెలిసిందంటే నా బతుకు బస్టాండే. ఎవురికీ చెప్పొద్దు!”

“చెప్పను సార్. మా కాడ అంతా రహస్యమే.” టక్ టక్ మళ్లీ మొదలైంది.

పక్క సీట్లోని తల్లి కస్తూరమ్మ మోచేత్తో పొడిచింది. “పెళ్లికొడుకువి, ఎవుర్తోరా ఆ ఇకఇకలు?”

“బ్యాంకోళ్లమ్మా!” అని ఫోను జేబులో దోపుకున్నాడు.

గుడియాత్తంలో అంతా అనుకున్నదానికన్నా బాగా జరిగింది. నందిత కాఫీ తెచ్చింది. ఆమె వైపు చూస్తూ గ్లాసందుకున్న భువన్ సగం కాఫీ చొక్కాకే తాగించాడు. ఆ అమ్మాయి పెదవి బిగపట్టి నవ్వాపుకుంది. నందిత నాయన అంగడి గురించి, నక్షత్రం గురించి అడిగి తృప్తిగా తలాడించాడు. ఆ తర్వాత అందరి చూపులూ ఓ మూలకు తిరిగాయి.

అక్కడ చాప మీద కుప్పమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. నోట్లో ఒక్క పన్ను లేదు. ముందున్న చిన్న రోట్లో ఆకూ వక్కా సర్దుకుంటూ, వచ్చినప్పటి నుంచి తలెత్తలేదు.

“అమ్మా, అబ్బాయిని ఏమన్నా అడుగుతావా?” అన్నాడు నందిత నాయన.

ఆమె లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

నందిత ముఖం వాడిపోయింది. భువన్ గుండె జారి వాకిట్లో విడిచిన చెప్పుల్లో పడింది. ఆ ఇద్దరినీ ఇలాగే కదా ఏమీ అడక్కుండా పంపించింది! ఇంత దూరం వచ్చి, ఇంత ప్రేమ పెట్టుకుని, కాఫీ మరకతో తిరిగి బస్సెక్కాలా?

కుప్పమ్మ రోకలి ఎత్తి ఆకూ వక్కా మీద దంచింది. టక్ టక్. భువన్ ఉలిక్కిపడి చూశాడు. ముసలామె బోసినోరంతా తెరిచి నవ్వి, బొంగురు గొంతుతో అంది.

“మీ ప్లాటినం కార్డు పాసయినాది సార్.”