కొక్కేనికి తగిలించిన పసుపు కోటు

మెర్విన్ పసుపు కోటును ఎలా కొట్టెయ్యాలా అని డిల్విన్ అరగంటగా ఆలోచిస్తున్నాడు.

కోటు ఎదురుగానే ఉంది. పబ్బు తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతోంది. మైదానం సిబ్బంది వేసుకునే కోటు అది. వీపు మీద 'స్టీవార్డ్' అని పెద్ద అక్షరాలు, రొమ్ము మీద ముప్పై ఏడు అని నంబరు. అది తొడుక్కున్నవాణ్ణి రగ్బీ మైదానం గేటు దగ్గర ఎవడూ టికెట్టు అడగడు.

అడగకుండా ఉంటే చాలు. నాన్న భుజాల మీద కూర్చున్నప్పటి నుంచి మొన్న మొన్నటిదాకా డిల్విన్ ఆ మైదానంలో ఆట వదిలింది లేదు. గనుల సమ్మె జరిగిన ఏడాది ఇంట్లో రొట్టెకు కటకటగా ఉన్నా, ఆట నాటికి నాన్న జేబులో చిల్లర ఉండేది. అప్పుడు చిల్లరతో పని జరిగేది మరి. ఇప్పుడు నిలబడి చూసే మెట్లు పీకేసి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కుర్చీకి నలభై ఐదు పౌండ్లు. ఫ్యాక్టరీ మూతపడ్డాక వారానికి మూడు రోజులు వ్యాను తోలేవాడికి ఆ కుర్చీ సింహాసనంతో సమానం.

"పైగా బుకింగు ఫీజట," అన్నాడు డిల్విన్. "నా ఫోన్లో నా టికెట్టు నేను చూసుకోడానికి వాళ్ళకి ఫీజేంట్రా?"

"నువ్వు చూస్తే అరిగిపోదూ?" అన్నాడు మెర్విన్ బీరు నురగ తుడుచుకుంటూ. "నాకైతే ఆ బాధ లేదు. గీత పక్కనే నా కుర్చీ. ఆటగాడు ఉమ్మితే నా బూటు మీద పడాల్సిందే."

మూల బల్ల దగ్గర ప్లంబరు ఇడ్రిస్ తలెత్తలేదు. వాడు పోయినవారం ఎలాగో మైదానంలోకి వెళ్ళొచ్చాడని అందరూ చెప్పుకున్నారు. ఆట ఎలా ఉందిరా అని డిల్విన్ అడిగితే, "నన్నడక్కు" అన్నాడు. అంతే.

మిగతా రోజుల్లో అయితే డిల్విన్ కూడా ఊరుకునేవాడే. ఇవాళ పక్కింటి కుర్రాడు గెథిన్ మొదటిసారి పదో నంబరు చొక్కా, గోలుకి బంతి తన్నేవాడి చొక్కా, వేసుకుంటున్నాడు. ఆరేళ్ళప్పుడు వాడికి బంతి తన్నడం నేర్పింది డిల్విన్. తన్నేముందు కుడి బూటు కొనను ఎడమ పిక్కకు తుడుచుకోమని చెప్పిందీ తనే. క్లబ్బు గెథిన్‌కిచ్చిన రెండు టికెట్లూ వాళ్ళ అమ్మానాన్నలకే సరిపోయాయి. బిడ్డలు లేని డిల్విన్‌కి చూడాల్సినదంటూ మిగిలింది ఆ ఒక్క కుర్రాడి ఆట.

మెర్విన్ గ్లాసు ఖాళీ చేసి లేచాడు. "నా మతిమరుపు తగలెయ్య. మా ఆవిడ మందులు తెమ్మంది," అంటూ బయటికి నడిచాడు. కోటు కొక్కేనికే ఉండిపోయింది.

డిల్విన్ దాన్ని తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇడ్రిస్ చూశాడు. ఏదో చెప్పబోయి, నోరు మూసుకుని మళ్ళీ గ్లాసులోకి చూశాడు.

గేటు దగ్గర స్టీవార్డుల పైఅధికారిణి డిల్విన్ మొహం వైపు చూడనేలేదు. "ముప్పై ఏడు. ఆలస్యం. పద," అంది. తీసుకెళ్ళి మైదానం గీత పక్కన స్టూలు చూపించింది. మెర్విన్ అబద్ధమేమీ చెప్పలేదు. తడిసిన గడ్డి వాసన ముక్కుకు తగులుతోంది. డిల్విన్ మైదానం వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఎటు తిరిగి కూర్చుంటున్నావ్?" అందామె.

"ఆట వైపు."

"ఆట చూసేవాళ్ళు టికెట్టు కొంటారు. నువ్వు జనాన్ని చూడాలి. తల వెనక్కి తిరిగిందంటే నిన్నిక్కణ్నుంచి పంపించేస్తాను."

యాభై ఏళ్ళుగా ఆటే చూశాడు గానీ, పసుపు కోటువాళ్ళు ఎటు తిరిగి కూర్చుంటారో డిల్విన్ ఏనాడూ చూడలేదు.

ఆట మొదలైంది. వెనక ఒళ్ళూ ఒళ్ళూ గుద్దుకుంటున్న చప్పుడు. ఎదురుగా ఎనిమిది వేల మొహాలు. ఒకావిడ చిప్సు నోటిదాకా తెచ్చి ఆగిపోతే, బంతి మనవాళ్ళ చేతికొచ్చిందని అర్థం. ముసలాయన టోపీ తీసి మోకాలికేసి కొట్టుకుంటే, జారిపోయిందని అర్థం. డిల్విన్ ఆటను అలా చదువుకున్నాడు. పైఅధికారిణి మాత్రం పది అడుగుల దూరంలో చేతులు కట్టుకుని డిల్విన్‌నే చూస్తోంది.

చివరి నిమిషాల్లో పెనాల్టీ. ఒక్కసారిగా జనమంతా నిశ్శబ్దమైపోయారు. ఆ మైదానంలో బంతి తన్నేది ఎవరైనా సరే, ఎదుటి జట్టువాడైనా సరే, నోళ్ళు మూతపడతాయి. "గెథిన్ తన్నుతున్నాడు," అని ఎవరో గుసగుసగా అన్నారు. బూటు తుడుచుకున్నాడో లేదో. మెడ దానంతటదే తిరగబోతుంటే డిల్విన్ పళ్ళు బిగబట్టి ఆపుకున్నాడు.

అప్పుడు కనిపించాడు మూడో వరసలో మెర్విన్. ఒళ్ళో చిప్సు పొట్లం, చేతిలో బీరు. డిల్విన్ రొమ్ము మీది ముప్పై ఏడును చేత్తో కప్పుకున్నాడు.

వెనక బూటు బంతికి తగిలిన చప్పుడు. అంతలోనే ఎనిమిది వేలమంది లేచి అరిచారు. మెర్విన్ పక్కవాణ్ణి కావలించుకున్నాడు. బంతి గోల్ కర్రల మధ్యగా వెళ్ళిందని డిల్విన్‌కి తెలిసింది అతని మొహం చూసే.

గోల సద్దుమణిగేలోపే మెర్విన్ స్టూలు ముందున్న కమ్మీల దగ్గరికి దిగివచ్చాడు.

"మెర్విన్... ఈ కోటు... నేను..."

"జిప్పు పైదాకా వేసుకో, చలి," అన్నాడు మెర్విన్ చిప్సు పొట్లం చాపుతూ. "మన గెథిన్ ముందు బూటు తుడుచుకున్నాడులే, కంగారుపడకు. జనం వెళ్ళాక చెత్త ఏరేసి, కోటు మళ్ళీ ఆ కొక్కేనికే తగిలించు. పోయినవారం ఇడ్రిస్ కుర్చీ మీద పడేసి పోయాడు, అంతా ముడతలు."

డిల్విన్ చిప్సు వైపు చెయ్యి చాపలేదు. "అంటే, కావాలనే వదిలి వెళ్ళావా?"

"మరేం చెయ్యమంటావురా?" అన్నాడు మెర్విన్. "ఆ కోటు పేరు మీద నాకొచ్చే కూలి లేకపోతే, ఈ ధరకి నేను మాత్రం టికెట్టు ఎలా కొంటాను?"