తోక కింద ఎరుపు

"పోయింది!" అంటూ ఆమె వంటింటి గుమ్మంలోనే నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

తలుపు గడియ కీచుమనడం, కుంట గట్టున నీలంగా ఏదో మెరిసి పొదల్లో మాయమవడం ఒకేసారి జరిగాయి. రోజూ ఇదే వరస.

"పెళ్ళయి నెల తిరగలేదు. మొగుడి కోసం ఒక్కరోజైనా ఇలా గుమ్మంలో కాచుకున్నావుటే?" అంది అత్తయ్య.

"ఆయన గడియ చప్పుడుకి ఎగిరిపోరుగా అత్తయ్యా!"

లోపల గడ్డం గీసుకుంటున్న భర్త నవ్వాపుకోలేక చెంప కోసుకున్నాడు.

ఆ ఇంట్లో ఆమెకు అన్నీ ముద్దొస్తున్నాయి. ఆయన ఈల వేస్తూ బూట్లు తుడుచుకోవడం, అత్తయ్య దెప్పుళ్ళు, గిన్నెల మీద పడే పొద్దుటి ఎండ. అన్నిటినీ మించి పెరటి వెనక కుంట. అందులో తుంగ, తూనీగలు, పగలూ రాత్రీ తేడా తెలియని కప్పలు. పొద్దున్నే స్నానానికి వచ్చే ఆ దొంగపిట్ట.

ఆ కుంటనే పూడ్చి కార్లకు చోటు చేస్తామని వీధి సంఘం తీర్మానించింది. సోమవారం మట్టి లారీలు వస్తాయి. ఎవరిని బతిమాలినా, "కప్పల కోసమా అమ్మా?" అని నవ్వారు. చివరికి ఆమె అటవీ శాఖ ఆఫీసు మెట్లెక్కింది.

"నీలంగా మెరిసిందంటే లకుముకి పిట్టే అయ్యుంటుంది" అన్నాడు ఆఫీసరు ఆవలిస్తూ. "నీళ్ళున్న ప్రతిచోటా ఉంటుంది. దాన్ని చూపించి లారీలు ఆపమంటే నన్ను చూసి నవ్వుతారు."

"కాదండీ. ఇది నేల మీద గెంతుతూ ఎండుటాకులు తిరగేస్తుంది. తోక కూడా మొండి. పొన్నంకి పిట్టని నా అనుమానం."

ఆఫీసరు ఆవలింత మధ్యలోనే ఆగిపోయింది.

"పొన్నంకి పిట్టా? అడవి చాటు దాటి రాదే! నిజంగా అదే అయితే ఆ కుంట మీద ఒక్క తట్ట మట్టి పడనివ్వను. కానీ మీ అనుమానంతో నేను ఆర్డరు రాయలేను. తోక కింద ఎరుపు కనబడాలి. రెక్క విప్పితే తెల్ల మచ్చ కనబడాలి. ఫొటో తెండి."

ఆమె దుప్పటి కప్పుకుని గట్టు మీద బోర్లా పడుకుంది. చీమలు కుట్టాయి గానీ పిట్ట రాలేదు. కిటికీలోంచి తీస్తే ఊచలు అడ్డం. తలుపు తీస్తే గడియ. గడియకు నూనె రాస్తే, ఈసారి ఆమె నీడకే బెదిరింది. తీసిన ఫొటోల్లో ఒకదాంట్లో ఆకులు, ఒకదాంట్లో అత్తయ్య ఆరేసిన దిండుగలీబులు, ఒకదాంట్లో నీలి మరక.

"ఇది మరక కాదండీ, పిట్టే" అని ఆయనకు చూపిస్తూ ఏడ్చేసింది.

ఆయనది అద్దాలు బిగించే పని. కాసేపు ఆ కిటికీ వంకే చూశాడు.

"ఈ ఊచలూ తలుపూ లేకపోతే సరేనా? ఏడవకు. నేనున్నాగా!"

శనివారం పనివాళ్ళను తీసుకొచ్చి కిటికీని ఊచలతో సహా ఊడబెరికాడు. ఆ మేర గోడ తొలిచి, నేల నుంచి నెత్తిదాకా ఒకే అద్దం నిలబెట్టాడు. తుడిచి, మళ్ళీ తుడిచి, "ఇక్కడ అద్దముందని ఎవరైనా కనిపెడితే నా పని చెడ్డట్టే" అని మురిసిపోయాడు.

ఆమె పెరట్లోకి పరుగెత్తి చూసింది. తుంగ, పొదలు, ఆకాశం అన్నీ ఇంటి గోడలోనూ ఉన్నాయి.

"ఏమండీ, మనకిప్పుడు రెండు కుంటలు!" అని చప్పట్లు కొట్టింది.

బట్టలు ఆరేద్దామని తిన్నగా పెరట్లోకి నడిచిన అత్తయ్యకు మాత్రం నుదురు బొప్పి కట్టింది.

"నీ పనితనం తగలెయ్య! ఇల్లా ఇది, మాయాబజారా?" అని కొడుకును తిట్టి, అద్దం నడిమధ్యన ఎర్ర టేపు ముక్క అంటించింది. "ఇది పీకారంటే ఊరుకోను, చెబుతున్నా!"

ఆదివారం తెల్లవారుతూనే ఆమె కెమెరా పట్టుకుని అద్దం ముందు కూర్చుంది. టేపు సరిగ్గా గట్టుకు అడ్డం వస్తోంది. అటు జరిగినా అదే, ఇటు జరిగినా అదే. అత్తయ్య లేచేలోగా మళ్ళీ అంటించేయొచ్చని మెల్లగా ఊడదీసి మణికట్టుకు అంటించుకుంది.

పిట్ట వచ్చింది.

ఈసారి ఆమెకు కావలసినంత సేపు ఉంది. నెత్తిన నల్ల గీత, ఆకుపచ్చ వీపు, భుజాన నీలం, విప్పిన రెక్కలో తెల్ల మచ్చ, తోక కింద ఎరుపు. ఒక్కటీ వదలకుండా తీసింది.

ఫొటోలు పంపిన కాసేపటికే ఆఫీసరు ఫోను చేశాడు. అతని ఆనందం గదంతా వినబడింది.

"సాధించారమ్మా! పొన్నంకి పిట్టే, సందేహం లేదు. లారీలు ఆపమని ఆర్డరు కూడా రాసేశాను. ఇక మీ కుంటకు వచ్చిన భయమేం లేదు. నా సర్వీసంతా దాని కూత వినడమే గానీ, ఒంటి మీది ఈకలు ఇలా ఒక్కొక్కటీ చూసిన పాపాన పోలేదు. రెక్క విప్పి మరీ చూపించిందే! మీ దగ్గర ఏ మంత్రముందో గానీ, రేపు నేనూ వస్తాను. ఏ వేళకి వస్తుందది?"

భర్త తల ఎత్తలేదు. అత్తయ్య ఎప్పుడూ లేనిది, వచ్చి కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

ఆమె ఫోను భర్త చేతిలో పెట్టి, ఒళ్ళో ఉన్న చెప్పుల డబ్బాలో చల్లబడిపోయిన పిట్ట మీద మూత వేసి, మణికట్టు మీది ఎర్ర టేపు ఊడదీసి, అద్దానికి చిన్న ఈక అంటుకుని ఉన్నచోట మళ్ళీ అతికించింది.