మూడు రబ్బరు బ్యాండ్లు

ఫణీంద్ర ఆఫీసులో అగ్నిప్రమాదాల మీద క్లాసులు పీకే మేధావి. ఇంట్లో పాత ఫోన్ బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేస్తే, హాకర్ సెంటర్ భోజనం పార్సిళ్ళకు వచ్చిన రబ్బరు బ్యాండ్లు మూడు దాని చుట్టూ బిగించి, ఆ తెలివికి తనే మురిసిపోయాడు.

"దీన్ని ఛార్జింగ్ పెట్టకండి. రేపే ఈ-వేస్ట్ వాళ్ళకి ఇచ్చేద్దాం," అని భార్య అమూల్య ప్లగ్ పీకేసింది.

"నాకే చెబుతున్నావా?" అని నవ్వాడు.

ఆ రాత్రి సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లో ఆఖరి ట్రైన్ కూడా వెళ్ళిపోయాక, ఫ్లాట్‌లో ఎక్కడో టప్‌మంది. చాలాసేపు నిశ్శబ్దం. మళ్ళీ టప్‌మంది.

అమూల్య లేచి హాల్లో చూసింది. బల్ల మీద ఫోన్ లేదు.

"ఫోనేదండీ?"

"నీ గోల పడలేక పాప గదిలో ఛార్జింగ్ పెట్టా. అందులోని పాత ఫొటోలు తీసుకోవాలిగా," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ఆ చప్పుడు బల్లిదిలే. పడుకో."

పక్క గది చీకట్లోంచి పాప గొంతు మెల్లగా వినబడింది.

"మమ్మీ, రబ్బర్ బ్యాండ్ ఇంకా వన్ ఓన్లీ ఉంది."