గని మనదైన రోజు

"ఇవాళొక్కరోజు మానెయ్" అంది నెస్టా, తలుపుకి అడ్డంగా నిలబడి.

గెథిన్ బూటు తాళ్లు బిగిస్తూనే ఉన్నాడు. "మానడానికి నీకు ఇవాళే దొరికిందటే? తాతల నాటి నుంచి దొరలు తవ్వుకు తిన్న గని, ఈ జనవరి ఒకటో తారీఖు నుంచి జనానిది. గేటు పక్కన బోర్డు కూడా పాతారు. పొద్దెక్కాక జెండా, బ్యాండుమేళం. అలాంటి రోజున దుప్పటి ముసుగేసుకుని పడుకుంటే రేపు ఊళ్లో నా మొహం ఎవరికి చూపించను?"

"జెండా ఎగరేస్తే గని కప్పు నిలబడుతుందా? తూర్పు సొరంగంలో దుంగలు మూలుగుతున్నాయని చెప్పిందెవరు? నువ్వు కాదూ?"

"మూలగనీ. కొయ్య మూలుగుతోందంటే ఇంకా మోస్తోందని అర్థం. మూలుగు ఆగినప్పుడు కదా భయపడాలి."

"ఆగినప్పుడు నీకు భయపడే తీరికెక్కడుంటుందయ్యా?"

గెథిన్ నవ్వి, ఆమె భుజం పట్టుకుని పక్కకి జరిపాడు. రొట్టె డబ్బా చంకలో పెట్టుకుని, చల్లటి టీ సీసా జేబులో దోపుకుని చీకట్లోకి దిగిపోయాడు.

పొయ్యి ముందు రేకు తొట్టి పెట్టి ఉంది. రాత్రి షిఫ్టు నుంచి ఐవర్ వచ్చే వేళ. కొడుకు స్నానానికి నీళ్లు మరుగుతున్నాయి. వాడి గండం షిఫ్టు ముగియడంతో గట్టెక్కినట్టే. రాత్రివాళ్లు కప్పు కింద దుంగలు నిలబెట్టి పైకొచ్చేస్తారు. పగటివాళ్లు దిగి బొగ్గు పగలగొడతారు. కూలిందంటే పగలగొట్టేటప్పుడే కూలుతుంది. నెస్టా లెక్క అది. ఆమె తండ్రి అలాగే పోయాడు.

ఇక మొగుణ్ణి ఆపాలి.

కుమ్‌హెలిగ్ ఊళ్లో పొద్దున్నే గనికి బయల్దేరిన మగాడికి ఆడది ఎదురొస్తే వెనక్కి తిరగాల్సిందే. చర్చిలో పాట అందుకునే పెద్దాయనైనా అంతే, యూనియన్ మీటింగులో దేవుడే లేడని వాదించే కుర్రాడైనా అంతే. అందుకే ఆ వేళకి ఊళ్లో ఏ ఆడదీ గడప దాటదు.

నెస్టా అత్తగారి నల్ల శాలువా తీసి, కళ్లు తప్ప ఏమీ కనబడకుండా చుట్టుకుంది. పెరటి సందులోంచి పరుగెత్తి, పగటివాళ్లకంటే ముందే గని దారిలోని వంతెన అవతలి కొసకి చేరింది.

మంచులో బూట్ల చప్పుడు దగ్గరైంది. నవ్వులు. ఎవడో పాట కూడా ఎత్తుకున్నాడు. ఆమె ఎదురుగా నడవడం మొదలుపెట్టింది.

పాట మధ్యలో తెగిపోయింది.

"ఎవత్తివే నువ్వు? నీ కొంప కాలా!" ముందున్న ముసలాయన తుపుక్కున ఉమ్మేశాడు. "కొత్త సంవత్సరం తొలిపొద్దున తగలడ్డావు!"

"పోనీ తాతా, గని మనదైంది కదా. శకునాలు కూడా దొరలతోపాటే పోయాయనుకో" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"అయితే ముందు నువ్వు నడు. నీ వెనకాల మేమొస్తాం."

వాడు నడవలేదు. ముసలాయన వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత ఇద్దరు, ఆ తర్వాత గుంపంతా. గెథిన్ ఒక్కడూ ఆ శాలువా వంకే చూస్తూ నిలబడ్డాడు. నెస్టా శాలువా అంచు ఇంకాస్త కిందికి లాక్కుంది. చివరికి అతనూ తిరిగాడు.

అతను ఇల్లు చేరేసరికి ఆమె పెరటి సందులోంచే మళ్లీ పరుగెత్తుకొచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని బొగ్గులు ఎగదోస్తోంది.

"ఏం, ఏవైనా మర్చిపోయావా?"

"దారిలో ఎవత్తో ఎదురొచ్చింది." అతను కుర్చీలో కూలబడ్డాడు. "షిఫ్టు షిఫ్టంతా తిరిగొచ్చేసింది. బ్యాండు వాళ్లు వచ్చి ఎవరికి వాయించాలో!"

"అయ్యో పాపం!" అంటూ నెస్టా నీళ్ల కుండ వైపు మొహం తిప్పుకుంది, నవ్వు కనబడకుండా. వారానికొకసారి రేషనులో వచ్చే బేకన్ ముక్క తీసి పెనం మీద వేసింది. ఐవర్‌కి అదంటే ప్రాణం. వీడింకా రాలేదేమిటి? జెండా కోసం గేటు దగ్గరే కాచుకుని ఉంటాడు వెధవ.

అప్పుడు అలమరలో పింగాణీ పళ్లేలు గలగలలాడాయి. నేల కింద ఏదో బరువుగా దొర్లినట్టయింది. ఆ వెంటనే గని సైరన్. ఆపకుండా.

గెథిన్ చివాల్న లేచాడు. నెస్టా లేవలేదు.

"చూశావా? నేను చెప్పలా? కూలితే కూలనీ, పీడా పోయింది. లోపల పురుగు కూడా లేదు."

తలుపు తోసుకుని ఎమ్రిస్ వచ్చాడు. గనిలో దీపాలిచ్చే గది అతనిది. గెథిన్‌ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"తూర్పు సొరంగం... మొత్తం..."

"దిగినవాళ్లెవరూ లేరు కదా తమ్ముడూ. ముందు కూర్చో" అంది నెస్టా.

ఎమ్రిస్ చూపు పొయ్యి ముందున్న తొట్టి మీద పడింది. "దిగినవాళ్లు లేరక్కా. రాత్రివాళ్లే... ఇంకా పైకి రాలేదు. పగటివాళ్లొచ్చి అందుకోకుండా కప్పునలా వదిలేస్తే పడిపోతుందని..."

"ఎవడిక్కావాలిరా పడితే!" గెథిన్ అతని చొక్కా పట్టుకున్నాడు. "గంట కొట్టాక ఒక్క నిమిషం ఉన్నారా ఎప్పుడైనా? దొరల గని ఏమైతే మనకేంటని వచ్చేసేవాళ్లు కదరా!"

"ఇవాళా వచ్చేయబోయారన్నా. పైకి తెచ్చే బోనులోకి ఎక్కేశారట కూడా, కింద బోను దగ్గరుండేవాడు చెప్పాడు. 'మనవాళ్లొచ్చేదాకా పట్టుకుందాం పదండ్రా, ఇక ఇది మన గని' అని అందర్నీ దింపి వెనక్కి తీసుకెళ్లింది మీ ఐవరే."