కంపెనీ మనిషి

ఆఫ్రా నడిపే బీరుశాలలో, మూలనున్న పెద్దబల్ల దగ్గర ఎవరో కొత్తాయన దర్జాగా కూర్చున్నాడు.

బవేరియా పల్లెల్లో ఇంతకంటే పెద్ద తప్పు లేదు.

"లేవయ్యా బాబూ! అది రోజూ వచ్చేవాళ్ళ బల్ల. పిలవందే ఎవరూ కూర్చోరు," అంది ఆఫ్రా.

"నన్ను రమ్మన్నారండీ..." అంటూనే లేచి, తలుపు దగ్గరి బల్లకి మారాడాయన.

ఉత్తరాది యాస! ఊరి మీదుగా హైవోల్టేజి కరెంటు లైను వేస్తున్న కంపెనీదీ ఉత్తరాదే. ఇంకేముంది?

"ఓహో, కంపెనీ మనిషివా! టవర్లు కూడా వెంట తెచ్చావా?" అన్నాడు రోజూ ఆ బల్ల దగ్గర కూర్చునే కోర్బీనియన్.

అందరూ గొల్లుమన్నారు. వాల్‌బుర్గా మాత్రం నవ్వలేదు.

టవర్లు వద్దు, కేబుల్‌ని భూమిలో పూడ్చండి అని ఊరంతా పట్టుబట్టింది. పూడ్చాలంటే వాల్‌బుర్గా బార్లీ చేను మధ్యనుంచే తవ్వాలి. ఆమె కాదంటే బడి పక్కనే టవర్లు లేస్తాయి. ఏ సంగతీ ఈ వారంలోగా తేల్చి చెప్పాలి.

"ఒప్పుకో అక్కా! ఓ కాలువ తవ్వి పూడిస్తే ఏం పోయింది?" అన్నాడు కోర్బీనియన్.

"నీ చేనైతే తెలిసేది! మా నాన్న బతుకంతా పేడ తోలి చేసిన మట్టిరా అది!"

తలుపు దగ్గరి బల్ల నుంచి కొత్తాయన మెల్లగా అన్నాడు.

"పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఒక పక్క పోయించండమ్మా. మళ్ళీ అదే వరుసలో పూడ్పించండి. వానల్లో యంత్రాన్ని దిగనివ్వకండి. మొదట్లో పంట తగ్గుతుంది, ఏడుపొస్తుంది. తర్వాత చేను కోలుకుంటుంది."

"కంపెనీ బాగానే నేర్పించిందే!" అంది వాల్‌బుర్గా. "తవ్వేది నీ పొలమా ఏమన్నానా? ఎన్ని కబుర్లైనా చెబుతావు. వెళ్ళవయ్యా, వెళ్ళు!"

ఆయన ముఖం చిన్నబోయింది. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఊరి చర్చి ఫాదర్ ఉల్రిచ్ రొప్పుతూ వచ్చాడు.

"నా అతిథి ఏడీ? మన బల్ల దగ్గరే కూర్చోమన్నానే!"

అందరూ వాల్‌బుర్గా వైపు చూశారు.

"నేనే తరిమేశాను ఫాదర్," అంది వాల్‌బుర్గా. ఆమెకు సిగ్గేసింది. ఇన్నాళ్ళలో తన మట్టి గురించి మాట్లాడింది ఆయనొక్కడే. "అయినా కంపెనీవాళ్ళతో మీకు స్నేహమేంటి?"

"కంపెనీయా! నా తల్లీ, ఎంత పని చేశావ్!" ఫాదర్ నెత్తి కొట్టుకున్నాడు. "రేపు పొద్దున్నే కారు తీస్తాను, ఆయన పొలం చూసొద్దాం పద. కేబుల్ పూడ్చిన చోటే గోధుమ నడుము దాకా ఎదిగింది."

"ఇంతకీ ఎవరాయన?"

"కేబుల్‌ని తన పొలంలోకి రానివ్వనని తవ్వే యంత్రానికి అడ్డంగా పడుకుంటే, పోలీసులు కాళ్ళూ చేతులూ పట్టి మోసుకెళ్ళిన రైతమ్మా ఆయన!"