యాడికీ పోని పడవ

పడవ అంగుళం కదల్లేదు. త్రివేణి మాత్రం నిలువునా తడిసిపోయింది.

"బాయిలో నీళ్ళు చేదినట్లే ఉండాది," అంది గుమ్మంలో నిలబడి అత్తగారు కెంపమ్మ. "కడవే పైకి రాలేదు."

హోసూరులో మూడో అంతస్తు ఇల్లు. హాల్లో సోఫా ఉండాల్సిన చోట, కూర్చుని తెడ్డు వేసినట్టు లాగే రోయింగ్ మిషన్ ఉంది. కింది ఇంటి రంజిత దాన్ని ఒళ్ళు తగ్గడానికి కొని, బట్టలారేయడానికి వాడుకుని, చివరికి చోటు చాలక వీళ్ళకిచ్చేసింది. దాని కాళ్ళ మధ్య ఇంకా ఒక బట్టల క్లిప్పు పడి ఉంది. త్రివేణి తీయలేదు. తీయాలంటే వంగాలి.

తేరు పండగ లోపల ఆమె బరువు డెబ్బైకి దిగాలి. ముల్లు ఎనభైకి దగ్గర్లో ఉంది. తేరు మూడు నెలల్లో ఉంది.

"చుట్టాలంతా వస్తారని కదా?" అంది రంజిత. "పెళ్ళినాటి పట్టుచీర జాకెట్టు పట్టించాలని చూస్తా ఉండావు."

"అవునక్కా," అంది త్రివేణి. ఒప్పేసుకుంటే మాట అక్కడితో ఆగుతుంది.

మొదటి రోజు ఫోన్లో వీడియో పెట్టుకుని కూర్చుంది. వీడియోలో అమ్మాయి నవ్వుతూ లాగుతోంది. త్రివేణి బిగువు పెంచే మీటను పదికి తిప్పి, చేతుల బలమంతా పెట్టి లాగింది. మర్నాడు దువ్వెన తలదాకా లేవలేదు. మీట నాలుగు దగ్గర చాలనీ, ముందు కాళ్ళతో తన్ని, తర్వాత నడుము వాల్చి, చేతులు చివర్న లాగాలనీ ఆ అమ్మాయి రెండో వీడియోలో చెప్పింది. మొదటి దాంట్లో ఎందుకు చెప్పలేదో ఆ నవ్వుకే తెలియాలి.

నిజానికి ఈ ఒళ్ళు పాతది కాదు. పోయినేడు ఆస్పత్రి నుంచి వచ్చినప్పుడు త్రివేణి కొక్కేనికి తగిలించిన నైటీలా ఉంది. మాత్రలు కొంత ఉబ్బించాయి. మిగతాది కెంపమ్మ చేసింది. కుందారపల్లి నుంచి రాగిపిండి, నెయ్యి మూటగట్టుకొచ్చి, కోడలు లేచి తిరిగేదాకా పోనంది. కోడలు లేచి తిరిగింది. కెంపమ్మ పోలేదు.

మిషన్ దిగేసరికి పళ్ళెంలో రాగిముద్ద. ముద్ద మధ్యలో గుంట. గుంటలో నెయ్యి.

"వద్దంటిని కదత్తా."

"మొగం చూడు, పీక్కపోయినాది. తిను."

"తగ్గాల నేను."

"తగ్గి ఏం చేస్తావు? నిన్నేమన్నా నేను ఎత్తుకోని తిరగాల్నా?"

త్రివేణి సగం తిని లేచింది.

కెంపమ్మ పిచ్చి ఇంకో రకం. లిఫ్టు ఎక్కదు. రోజూ పొద్దున్నే పది కిలోల బియ్యం సంచి నెత్తిన పెట్టుకుని మెట్లు దిగి, మళ్ళీ ఎక్కుతుంది. సంక్రాంతి ముందు నుంచీ అదే సంచి. వండుకోవడానికి విప్పనివ్వదు.

కొడుకు ధనశేఖర్ ఒకసారి చెయ్యి చాపాడు. "ఇట్లియ్యమ్మా, నేను మోస్తా."

"ముట్టుకున్నావంటే చూడు!"

అతను చెయ్యి వెనక్కి తీసుకుని డ్యూటీకి పోయాడు.

వాచ్‌మన్ అంకప్ప ఉండబట్టలేక అడిగేశాడు. "పెద్దమ్మా, నీ కోడలు యాడికీ పోని పడవ తోల్తాది. నువ్వు యాడికీ దించని మూట మోస్తావు. మీ ఇంట్లో బుద్ధుండేది ఎవురికి?"

"నా కొడుక్కి. వాడు ఏమీ చెయ్యడు," అంటూ కెంపమ్మ రెండో మెట్టు ఎక్కింది.

మధ్యాహ్నం పూట ఆమె మోకాళ్ళకు ఆముదం రుద్దుకుంటుంది. అరిగిపోయాయని డాక్టరు చెప్పాడు.

"ఆ మూట మానేయత్తా."

"నువ్వు పడవ మానెయ్. ఇద్దరం మానేస్తాం."

ఇద్దరూ మానలేదు.

డెబ్బై నాలుగు దగ్గర ముల్లు మొరాయించింది. త్రివేణి అరచేతుల్లో బొబ్బలు చితికి కాయలు కాశాయి. ఒక పొద్దున హ్యాండిల్ పట్టుకుని, లాగకుండా, కళ్ళు మూసుకుని కూర్చుండిపోయింది. ఈ జన్మకింతే, ఇక చాలు అనుకుంది. అంతలో పక్క గదిలో అత్తగారు గోడ పట్టుకుని లేస్తున్న చప్పుడు. మోకాళ్ళు పటపటమన్నాయి. చిన్న మూలుగు. ఆ తర్వాత బియ్యం సంచి నేలమీంచి లేచిన చప్పుడు.

త్రివేణి కళ్ళు తెరిచి, కాళ్ళతో తన్ని, లాగింది.

తేరు నాటి పొద్దున ముగ్గురూ స్వామి గుడి ఉన్న కొండ కిందికి చేరారు. త్రివేణి పాత నూలుచీరలోనే ఉంది. అంగడివాడి కాటా ఎక్కి ఊపిరి బిగబట్టింది. ముల్లు ఊగి ఊగి, డెబ్బైకి ఒక గీత తక్కువలో ఆగింది.

కెంపమ్మ ముల్లును చూసింది. కోడలి అరచేతిని లాక్కుని, తిప్పి, అందులోని కాయలను చూసింది.

"నేను పెట్టిన ముద్దంతా యాడ పోయినాదే?"

"పడవలో, అత్తా."

కెంపమ్మ మూతి తిప్పుకుంది. కొండ మెట్ల వైపు ఒకసారి తలెత్తి చూసి, తువ్వాలు చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంది.

కోడలు బతికి ఇంటికొస్తే దాని ఎత్తు బెల్లం, విడతకు పది కిలోల చొప్పున, ఇంకో చెయ్యి తగలకుండా తన నెత్తి మీదే కొండెక్కిస్తానని ఆమె ఐసీయూ తలుపు దగ్గర స్వామికి మొక్కుకున్న రోజున, ఆ కోడలు పుల్లలా ఉండేది.