గుండ్రటి అర్జీ

వీరదుర్గకి భయం పుట్టుకతోనే వచ్చింది. పుట్టేటప్పుడు కూడా బయట ఎవరెవరున్నారో కనుక్కునిగానీ రాలేదని వాళ్ళమ్మ చెబుతుంది.

అలాంటి వీరదుర్గ బొడ్లో ఆ రోజు ఒక అర్జీ ఉంది.

రాజోలు దగ్గర ఆ రొయ్యల షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళు ఐసులో చేతులు పెట్టి రొయ్యలు వొలుస్తారు. పని మొదలవగానే సూపర్వైజర్ హరిబాబు వెనక తలుపుకి లోపలివైపు గొలుసు చుట్టి తాళం వేస్తాడు. తాళంచెవి జేబులో, దాని మారుది గదిలో సొరుగులో. తలుపు తీసి ఉంటే రొయ్యలు దొంగతనంగా పోతాయట.

రొయ్య పోతే హరిబాబుకి జ్వరం వస్తుంది. మనిషి పోతే రాదు.

ముందు గుమ్మానికీ వీళ్ళకీ మధ్య ఐసు మిషను ఉంది. అందులోంచి నెలకోసారి గ్యాసు వాసన వస్తుంది. కళ్ళు మండుతాయి. అందరూ వెనక తలుపుకేసి చూస్తారు. తాళం అందరికేసీ చూస్తుంది.

అందుకే అర్జీ. పని జరిగేటప్పుడు ఆ తలుపుకి తాళం వెయ్యకూడదని. అంతే.

వాళ్ళలో లక్ష్మీతులసి చక్కగా రాసింది. మొదటి సంతకం దగ్గర బండి ఆగిపోయింది. పైనున్న పేరునే ముందు పనిలోంచి పీకేస్తారని అందరికీ తెలుసు. 'మీరు ముందు పెట్టండి' అంటే, 'అబ్బే, పెద్దవారు మీరుండగానా' అంటూ మూడు రోజులు ఒకరినొకరు గౌరవించుకున్నారు. గోదావరి జిల్లాల మర్యాద అంత జోరుగా ఏ పెళ్ళిలోనూ నడవలేదు.

చివరికి ఉపాయం వీరదుర్గే చెప్పింది. భయస్తులకి ఉపాయాలెక్కువ. కాగితం మధ్యలో ముగ్గుకి పెట్టినట్టు ఒక చుక్క. దాని చుట్టూ గుండ్రంగా సంతకాలు. ఎటు తిప్పి చూసినా మొదలూ లేదు, చివరా లేదు.

సగం చక్రం పూర్తయ్యేసరికి వెనక నుంచి ఒక గొంతు.

"నాకూ కాస్త చోటుందా అమ్మా?"

కొత్తగా చేరిన ఊడ్చే ఆవిడ, రాజేశ్వరమ్మ. కాగితం కలుగులోకి పాములా వీరదుర్గ బొడ్లోకి దూరిపోయింది.

"ఏం లేదండి పిన్నిగారూ. ముగ్గు నేర్చుకుంటన్నామండి."

ఆవిడది ఏ ఊరో ఎవరికీ తెలియదు. వచ్చి మూడు వారాలైంది. షెడ్డంతా వదిలేసి వెనక తలుపు దగ్గర నాలుగడుగులే ఊడుస్తుంది. ఆ నేలలో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. రోజూ రెండుసార్లు హరిబాబు గదికి టీ పట్టుకెళ్తుంది. టీ తాగడానికి పట్టే సమయం కంటే ఇచ్చి రావడానికే ఎక్కువ పడుతుంది.

ఆవిడ హరిబాబు మనిషే, సందేహం లేదని తేల్చేశారు. అన్నాల దగ్గర ఆవిడకి కూర పెట్టడం మానేశారు.

మర్నాడు హరిబాబు వీరదుర్గ బల్ల దగ్గరే ఆగాడు. ఎవరో కాగితాలు తిప్పుతున్నారని తెలిసిందన్నాడు. ఒక్క పేరు చెబితే చాలన్నాడు.

వీరదుర్గ ఒక చేత్తో బొడ్లో కాగితం అదిమి పట్టుకుంది. భయం ఆమె నోరు అద్దెకి తీసుకుంది.

"కాగితాలు నాకు తెలీదండి. ఆ ఊడ్చే ఆవిడ మాత్రం చెంగులో రొయ్యలు పట్టుకెళ్తన్నారండి. ఆయ్, నేను చూసేనండి."

పది నిమిషాల్లో రాజేశ్వరమ్మని వెళ్ళిపొమ్మన్నారు. ఆవిడ చెంగు కూడా ఎవరూ దులిపి చూడలేదు. ఆవిడా వాదించలేదు. వెళ్తూ వెళ్తూ వీరదుర్గ దగ్గర ఆగింది. చెంపదెబ్బ పడుతుందని వీరదుర్గ కళ్ళు మూసుకుంది.

"చీపురు తలుపు దగ్గరే వదిలేసేనమ్మా. దాన్నక్కడే ఉండనియ్యండి."

కొబ్బరి ఈనెల చీపురు. పిడి దగ్గర లావుగా గుడ్డ చుట్టి, నవారుతో బిగించి ఉంది. అందులో చేతబడి ఉందని లక్ష్మీతులసి నిర్ధారించింది. ఇంక దాన్ని ముట్టుకునే మనిషి షెడ్డులో లేదు.

రెండో రోజు పదకొండింటికి గ్యాసు వచ్చింది.

నెలనెలా వచ్చే వాసన కాదు. తెల్లటి పొగ. ముందు గుమ్మం కనపడకుండా పోయింది. హరిబాబు అందరికంటే ముందే బయటపడ్డాడు. జేబులో తాళంచెవి కూడా క్షేమంగా బయటపడింది.

నలభై మందీ వెనక తలుపు మీద పడ్డారు. గొలుసు ఊగింది, ఊడలేదు. పక్క బల్ల పద్మశ్రీ దగ్గుతూ కూలబడింది. వీరదుర్గకి కళ్ళు కనపడటం లేదు. తడుముకుంటుంటే చేతికి చేతబడి తగిలింది. దాన్ని తిరగేసి తాళం మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. మూడో దెబ్బకి నవారు తెగింది.

నేల మీద ఏదో ఖంగుమంది.

తాళంచెవి. సొరుగులో ఉండాల్సిన మారుది.

నాలుగోసారికి తాళంలో పెట్టగలిగింది. నలభై మందీ కొబ్బరితోటలోకి దొర్లుకుంటూ వచ్చి పడ్డారు. ఎవరూ పోలేదు. పద్మశ్రీ కూడా లేచి కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే, రొయ్యల కంపుతోనే, ఆటోలెక్కి అమలాపురం వెళ్ళారు. దారిలో రేవు దగ్గర రాజేశ్వరమ్మ కోసం అడిగారు. మొన్ననే పంటు ఎక్కి గోదావరి దాటేసిందన్నారు. ఎటు వెళ్ళిందో తెలియదన్నారు.

కార్మిక శాఖ ఆఫీసులో ముందు నిలబడింది వీరదుర్గే. బొడ్లోంచి అర్జీ తీసి ముందుకి చాచింది.

అధికారిణి అర్జీని ఒకసారి గుండ్రంగా తిప్పి చూసి, అదే షెడ్డు తాళం మీద నిన్ననే పోస్టులో ఇంకో అర్జీ వచ్చిందని, రేపు తనిఖీకి బయల్దేరుతున్నామని చెప్పింది.

"ఎవరు పెట్టేరండి?" అంది వీరదుర్గ.

ఆవిడ ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

దాని మీద చుక్కా లేదు, చక్రమూ లేదు, అన్నిటికంటే ముందు కంటపడేలా ఒక్కటే సంతకం ఉంది: రాజేశ్వరమ్మ, కిందటేడు తాళం వేసిన ఇంకో షెడ్డులో ఊపిరాడక పోయిన రొయ్యల కూలీ అనిత తల్లి.